ఉన్ని లేని గొర్రెకు ఉన్ని సెస్సు

నందిగామ సంతలో గొర్రెను ఆటోలోంచి దించితే చాలు, గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి రసీదు చింపి చేతిలో పెడతాడు. దాని మీద ‘ఉన్ని అభివృద్ధి రుసుము’ అని అచ్చేసి ఉంటుంది. మేమంతా సెస్సు అంటాం. నేను వెళ్ళినప్పుడల్లా ఆయన చెయ్యి పట్టుకుని నా గొర్రె వీపు మీద పెడతాను. మేక వీపులా నున్నగా ఉంటుంది.

“ఇందులో ఉన్ని ఎక్కడుందో చూపించి తీసుకో నాయనా.”

“పెద్దాయనా, ప్రతిసారీ ఇదే పాటా? వెనక బండ్లు ఆగిపోయినయ్,” అంటాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. జీతానికి కూర్చున్న మనిషి. నా కోపం ఎవరి మీదో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. మా గొర్రెలకు ఉన్ని ఉన్న రోజుల నుంచి.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు లేచాక, ఖాళీ బస్తాల మీద అక్షరాలు చూసి చూసి అచ్చులూ హల్లులూ పట్టుకున్నాను. తర్వాత మా మేత బీడు మీద కేసొకటి నందిగామ కోర్టులో ఏళ్ళ తరబడి నడిచింది. వాయిదా రోజుల్లో వరండాలో కూర్చుని గోడకు అంటించిన నోటీసులన్నీ కూడబలుక్కుని చదివేవాణ్ణి. అంటే అక్షరాలు బస్తాల మీద, వాక్యాలు కోర్టు గోడల మీద నేర్చుకున్నాను. అందుకే కోపం వస్తే నా నోట్లోంచి ‘సదరు’, ‘పైన పేర్కొన్న’ అనే మాటలు వచ్చేస్తాయి. మా ఇంట్లో వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. కేసు పోయింది గాని చదువు మిగిలింది.

మావి అప్పట్లో నల్ల గొర్రెలు. పొట్టి కాళ్ళు, చిన్న చెవులు, ఒంటినిండా దట్టమైన ఉన్ని. ఏడాదికి రెండు కోతలు. కోతకు ముందు మందను మునేట్లోకి తోలి ఒక్కోదాన్ని నడుంలోతు నీళ్ళలో రుద్ది కడిగేవాళ్ళం. ఆరాక నాలుగు కాళ్ళూ కలిపి కట్టి ఒడిలో పెట్టుకుని కత్తెర వేస్తే, ఉన్ని ముక్కలు కాకుండా చాపలాగా ఒక్క పొరగా ఊడి వచ్చేది. చర్మం గీసుకుపోతే ఆ గొర్రె కన్నా కత్తిరించినవాడికే ఎక్కువ అవమానం. ఆ ఉన్ని ఇంటికి వస్తే ఇక అది ఆడవాళ్ళ రాజ్యం. మా ఆవిడ రాట్నం ముందు కూర్చుంటే వాడకట్టంతా వచ్చి ఆవిడ దారం చూసేవాళ్ళు. మా దగ్గర గొంగళి నేసేవాళ్ళు తక్కువ. సరిహద్దు అవతల కోదాడ వైపు నుంచి నేతగాళ్ళు వచ్చి దారం కొనుక్కుపోయేవాళ్ళు. వాళ్ళు గొంగడి అనేవాళ్ళు, మేం గొంగళి అనేవాళ్ళం. పేరేదైనా, కప్పుకుంటే వాన ఒంటికి దిగేది కాదు. “ఈ దారం నీదేనా చెల్లే?” అని వాళ్ళు ప్రత్యేకంగా అడిగి తీసుకునేవాళ్ళు. ఆ మాట కోసం మా ఆవిడ పొద్దస్తమానం తిప్పేది.

రాష్ట్రం విడిపోయిన కొత్తల్లో ఆ రాకపోకలు పల్చబడ్డాయి. అవతల నేతగాళ్ళకూ పని తగ్గింది, మిల్లు రగ్గులొచ్చి పడ్డాయి. కోసిన ఉన్ని బస్తాల్లో పడి ఉండేది. అదిగో, ఆ సమయంలో వచ్చింది ఉన్ని మండలి అనే సర్కారు సంస్థ, దాని వెంట ఈ సెస్సు.

వచ్చింది మంచి మాటతోనే. అమ్మిన ప్రతి కిలో ఉన్ని మీద కొంచెం కోసుకుంటారు. ఆ సొమ్మంతా ఒక నిధి. ఆ నిధిని ఉన్ని వాడకం పెంచడానికి, మంచి ఉన్ని గొర్రెల్ని నిలబెట్టడానికి తప్ప ఇంకోదానికి వాడకూడదు. కొన్నేళ్ళకోసారి గొర్రెల వాళ్ళని పిలిచి, ఉంచమంటారా తీసెయ్యమంటారా అని చేతులెత్తించి అడగాలి. ఇది నేను నోటిమాటగా విన్నది కాదు, ఉత్తర్వు చదివాను. పంచాయతీ ఆఫీసు ముందు నిలబడి మా వాళ్ళకి పైకి చదివి వినిపించాను. ఊరంతా చేతులెత్తింది, నేనూ ఎత్తాను. ఆ ఉత్తర్వులో తప్పు లేదు. ఇవాళ అదే కాగితం మళ్ళీ తెస్తే మళ్ళీ ఎత్తుతాను. తప్పు చేసింది కాగితం కాదు.

మా చుట్టుపక్కల ఊళ్ళ గొర్రెల సొసైటీకి ప్రెసిడెంటు నా బామ్మర్దే. మా ఆవిడ తమ్ముడు. మా పెళ్ళినాటికి నిక్కరు వేసుకుని నా సైకిలు వెనక పరిగెత్తిన పిల్లవాడు. పేటలో ఇంటర్ చదివాడు, మాట పొందిక కలవాడు. ఆఫీసరు ముందు కూర్చుని కాలు మీద కాలేసుకోగలిగిన మనిషి మాలో వాడొక్కడే. మా అందరికీ అది గర్వంగా ఉండేది. మా ఆవిడకు మరీను.

సెస్సు మొదలైన రెండో ఏడు మా మందల దేవుడి కొలుపు జరిగింది. ఆ కొలుపు గురించి ఒక మాట చెప్పాలి. ఆ రోజు ఏ పొట్టేలుకు పసుపు పూసి మందలోకి వదిలితే అది దేవుడి పొట్టేలు. దాన్ని అమ్మకూడదు, కొయ్యకూడదు, విత్తులు కొట్టకూడదు. ముసలిదై దానంతట అది పోయేదాకా మందలో తిరగాల్సిందే, ఆ మందలో పిల్లలన్నీ దాని పోలికతో పుట్టాల్సిందే. దానికి వంక పెట్టడం కూడా తప్పే. అందుకే పసుపు పూసేముందు మా పెద్దవాళ్ళు పొట్టేలును పళ్ళ దగ్గర్నుంచి గిట్టల దాకా చూసేవాళ్ళు. ఒకసారి పూశాక ఇక నోరెత్తేవాళ్ళు కాదు.

డప్పులు మోగుతున్నాయి, పొంగళ్ళు పొయ్యిల మీద ఉన్నాయి. అప్పుడు వచ్చింది లారీ. ముందు క్యాబిన్లోంచి మా బామ్మర్ది దిగాడు. వెనక తలుపు తీయించాడు. ఎత్తైన పొట్టేళ్ళు, ఇంటికొకటి చొప్పున. ఒళ్ళు నున్నగా గొరిగి ఉంది. మందు వాసన గుప్పున కొట్టింది.

“సెస్సు డబ్బుతో మన మండలి ఇస్తున్న పొట్టేళ్ళు ఇవి!” అని అరిచాడు. “ఉన్ని పెంచే పొట్టేళ్ళు!”

మా చిన్నాన్న అప్పటికి బతికే ఉన్నాడు. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

“ఏంట్రా ఆ చెవులు? అరిటాకుల్లాగా వేలాడుతున్నయ్?”

“కొత్త జాతి మావా. కాళ్ళు వేరే జాతివి, ఉన్ని మాత్రం మనదే.”

“ఉన్నేదీ మరి?”

“రోగాలు తగలకుండా గొరిగించి, మందులో ముంచి తెచ్చారు. రెండు నెలలు ఓపిక పట్టు, నువ్వే కప్పుకుని పడుకుంటావు.”

“నేను పోయేలోపు వస్తుందంటావా?”

“నీకు కప్పడానికే తెచ్చా మావా!” అన్నాడు. అందరం నవ్వాం.

చిన్నాన్న కిందికి వంగి ఒకదాని కాలు పట్టుకోబోయేంతలో ఆడవాళ్ళు పసుపు పళ్ళేలతో వచ్చేశారు. దేవుడి రోజున గడప తొక్కిన పొట్టేలు కదా, పైగా ఇంటి పిల్లవాడు తెచ్చింది. మొదటిదానికి నుదుటా వీపునా పసుపు పూసింది మా ఆవిడ. తమ్ముడి భుజం తట్టి మరీ పూసింది. మిగతావాళ్ళు మిగతావాటికి పూశారు. చిన్నాన్న పట్టుకోబోయిన కాలు వదిలేసి, దణ్ణం పెట్టుకుని పక్కకు జరిగాడు.

రెండు నెలలు కాదు, ఆరు నెలలు చూశాం. ఆ పొట్టేళ్ళ ఒంటి మీద వచ్చింది వెంట్రుక. దువ్వెనకు తప్ప కదురుకు పనికిరాని వెంట్రుక. అవి మాంసానికి పెంచే దిగువ జిల్లాల జాతి, ఉన్ని అంటే ఏమిటో వాటి తాతలకు కూడా తెలియదు. మొదటి ఈతలో పుట్టిన పిల్లలకు మెడ కింద కాస్త, తోక మొదట్లో కాస్త ఉన్ని ఉండేది. ఆ పిల్లల పిల్లలకు అదీ లేదు. పొట్టేళ్ళను తీసెయ్యలేం, పసుపు పడింది. కళ్ళ ముందు మంద రంగు మారింది, ఎత్తు మారింది, చివరికి అరుపు కూడా మారింది. నాలుగైదేళ్ళు తిరిగేసరికి మా ఊళ్ళో కత్తెర్లు తుప్పు పట్టాయి. మునేట్లో మంద కడగడం మానేశాం. మా ఆవిడ రాట్నం విప్పి అటక మీద పెట్టించింది.

కుర్రవాళ్ళు వేరేగా అనేవాళ్ళు. “తాతా, మాంసం రేటు చూడు. ఉన్ని ఎవడిక్కావాలి?” అని. పిల్లలు త్వరగా బరువెక్కుతాయి, మంచి ధర పలుకుతాయి, నిజమే. ఆ నిజాన్ని నేను కాదనను. కానీ మాంసం కావాలంటే మాంసం అని చెప్పి డబ్బు తీసుకోవాలి. ఉన్ని నిలబెడతామని మా ఉన్ని మీద కోసిన డబ్బుతోనే మా ఉన్నిని ఊడబెరికితే దాన్ని ఏమనాలి? నా కోర్టు తెలుగులో దానికి మాట ఉంది గాని ఇక్కడ రాయను.

అక్కడితో ఆగినా బాగుండేది. తూచడానికి ఉన్ని లేకపోయేసరికి మండలి వాళ్ళకి సెస్సు పడిపోయింది. నిబంధన మార్చారు. కిలో ఉన్నికి బదులు సంతకొచ్చిన గొర్రెకింత అన్నారు. పేరు మాత్రం మార్చలేదు.

పోయిన చలికాలంలో నోటీసు పడింది. సెస్సు కొనసాగించాలా, నిధిని ఎలా వాడాలి అని నందిగామ మార్కెట్ యార్డులో బహిరంగ విచారణ. నాకు ప్రాణం లేచొచ్చింది. సరిహద్దు అవతల కొన్ని పల్లెల్లో నల్ల గొర్రెలు ఇంకా ఉన్నాయి. ఆ నిధితో అక్కణ్ణుంచి అసలు పొట్టేళ్ళు తెప్పిస్తే, మళ్ళీ కొన్ని ఈతలకు ఉన్ని తిరిగొస్తుంది. నా కాలంలో పూర్తిగా రాకపోవచ్చు, వయసు అయిపోయింది. కానీ మొదలైతే చాలు. ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఆ సాయంత్రమే అటక మీంచి రాట్నం దింపించి బూజు దులిపింది.

“తమ్ముడు కూడా ఉంటాడుగా అక్కడ,” అంది. “వాడితో చెప్పు. నువ్వు అరవకు, వాడు నెమ్మదిగా చెప్తాడు.”

యార్డు హాల్లో కుర్చీలన్నీ నిండాయి. వేదిక మీద మండలి డైరెక్టరు, పక్కన మా బామ్మర్ది. నన్ను చూసి చెయ్యి ఊపాడు. నా వంతు రాగానే లేచి రాసుకొచ్చింది చదివాను. డైరెక్టరు మర్యాదస్తుడే, చివరిదాకా విన్నాడు.

“చాలా బాగా చెప్పారండీ. అయితే నిబంధనల ప్రకారం ఇక్కడ చెయ్యెత్తే హక్కు ఉత్పత్తిదారులకే ఉంది. ఉత్పత్తిదారు అంటే గడిచిన ఏడాదిలో ఉన్ని అమ్మినవారు. మీరు అమ్మారా?”

“ఎక్కడిదండీ ఉన్ని? మీరిచ్చిన పొట్టేళ్ళు మింగేశాయిగా!”

హాలంతా నవ్వులు. డైరెక్టరూ నవ్వాడు. నేను నవ్వలేదు.

“అయితే సెస్సు ఎందుకు కట్టించుకుంటున్నారండీ మా దగ్గర? కట్టేటప్పుడు మేం ఉన్నివాళ్ళం, అడిగేటప్పుడు కామా?”

“అది వేరే నిబంధనండీ,” అన్నాడు.

వేదాద్రి వైపు నుంచి వచ్చిన ఒకాయన నా వెనక వరసలోంచి లేచాడు. “నా దగ్గర ఇంకా నల్లవి ఉన్నాయండీ, కాసిని. కోస్తున్నా, కొనేవాడు లేక గట్టు మీద పారేస్తున్నా. నేను చెయ్యెత్తచ్చా?”

“అమ్మలేదు కదండీ,” అన్నాడు డైరెక్టరు.

అలా ఆ హాల్లో చెయ్యెత్తే అర్హత ఉన్నవాడు ఒక్కడూ తేలలేదు. అప్పుడాయన ఇంకో నిబంధన చదివాడు. ఉత్పత్తిదారులు లేనిచోట సొసైటీ ప్రెసిడెంటు సమ్మతి సరిపోతుందట. మైకు మా బామ్మర్ది చేతికిచ్చాడు. నాకు గుండె కుదుటపడింది. మన వాడేగా అనుకున్నాను.

“మన ప్రాంతం ఇవాళ మాంసం ప్రాంతం,” అన్నాడు వాడు. నా వైపు చూడలేదు. “నిధిని విజయవాడలో మాంసం మేళాకి వాడటానికి మా సొసైటీ తరఫున సమ్మతిస్తున్నాం. సెస్సు యథాతథంగా కొనసాగించాలని కోరుతున్నాం.”

ముందు వరస చప్పట్లు కొట్టింది. అయిపోయింది.

బయటికొస్తుంటే వేదాద్రి ఆయన నాతో కలిశాడు. “మీ ఊళ్ళో ఆ పొట్టేళ్ళని ఎట్లా ఉంచుకున్నారండీ అసలు? మా ఊరికి మామూలు రోజున తెచ్చారు. చెవులు చూడగానే లారీ ఎక్కించి తిప్పి పంపించేశాం. ప్రెసిడెంటు గారే వచ్చాడు, తిట్టుకుంటా పోయాడు.”

“మా ఊరికన్నా ముందా, తర్వాతా?”

“ముందేనండీ. మీ కొలుపుకి ఓ పది రోజుల ముందు.”

నేను బస్టాండు దాకా నడిచాను. ఎలా నడిచానో గుర్తులేదు. టీ కొట్టు దగ్గర కారు ఆగింది. మా బామ్మర్ది దిగాడు.

“బావా, కోపమా? రా, టీ తాగుదాం. ఇంటి దగ్గర దించుతా.”

“లారీ కొలుపు రోజే ఎందుకు తెచ్చావురా?”

“ఏ లారీ?”

“పొట్టేళ్ళ లారీ.”

గ్లాసు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. అబద్ధం చెప్పడానికి వాడికి ఎప్పుడూ ఇంతసేపు పట్టదు. కాబట్టి నిజమే వస్తుందని నాకు తెలిసింది.

“వేరే ఊళ్ళో తిప్పి పంపారు బావా. ఆ ఏడాదిలోగా పంచకపోతే డబ్బు వెనక్కి పోతుందన్నారు, నా పదవి కూడా పోతుందన్నారు. మన ఊళ్ళో పసుపు పడితే వెనక్కి తోలరని తెలుసు. అందుకని.”

“వాటికి ఉన్ని రాదని తెలుసా?”

“తెలుసు.” ఆగి, “కానీ చూడు బావా, ఎవడైనా నష్టపోయాడా? మాంసం మీద అందరూ బాగుపడలేదా? నువ్వు బాగుపడలేదా?”

“మీ అక్క పూసింది పసుపు.”

“అక్కకేం తెలుసు?” అన్నాడు. “అక్క పూస్తే అందరూ పూస్తారనేగా నేను లారీ అక్క ముందు ఆపించింది.”

ఆ మాట వాడు తెలివితేటల గురించి చెప్పుకున్నట్టు చెప్పాడు. చెప్పాక తనకే వినిపించినట్టుంది, టీ కింద పెట్టేశాడు. నేను డబ్బులిచ్చి, జగ్గయ్యపేట బస్సెక్కాను. కిటికీ దగ్గరికొచ్చి “బావా, అక్కకి చెప్పకు” అన్నాడు. “నేను చెప్పను. నువ్వే వచ్చి చెప్పు,” అన్నాను.

ఇంటికెళితే మా ఆవిడ రాట్నం ముందు కూర్చుని కొత్త తాడు బిగిస్తోంది. విచారణలో సమ్మతి సంగతి మాత్రం చెప్పాను. ఆవిడ వింది. “వాడికేదో ఒత్తిడి ఉంటుంది లే. ఆదివారం వస్తాడు, అడుగుదాం,” అంది. తమ్ముణ్ణి వెనకేసుకురావడం ఆవిడకు చిన్నప్పటి అలవాటు.

ఆదివారం వాడు వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. నేను చెప్పేశానేమో అనుకున్నట్టుంది, గడప దాటగానే మొదలుపెట్టాడు. “అక్కా, బావ చెప్పినదాంట్లో సగమే నిజం. పసుపు నీ చేత పూయించింది నిన్ను మోసం చెయ్యాలని కాదు...”

మా ఆవిడ నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, చెప్పలేదని. మళ్ళీ తమ్ముడి వైపు తిరిగింది.

“నా చేత పూయించింది ఏంట్రా?”

వాడు చెప్పాడు. అంతా చెప్పాడు. అయ్యాక, “నాకు చెప్పుంటే నేనే పూసేదాన్ని కదరా, నీ పదవి కోసం. అడగచ్చుగా,” అంది. వాడు ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు. పళ్ళ సంచి తీసి వాడి చేతిలోనే పెట్టి, “ఎండెక్కుతోంది, బయల్దేరు,” అంది.

ఇప్పుడు వాడు వారానికోసారి ఫోన్ చేసి నన్ను పిలవమంటాడు. ఆవిడే తీస్తుంది. “బాగున్నాం. ఆయన మందలో ఉన్నాడు. సరే, పెట్టేస్తున్నా,” అంటుంది. నేను ఆ పక్క మంచం మీదే కూర్చుని ఉంటాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నోట అబద్ధం నేను వినలేదు. ఇప్పుడు వారానికొకటి వింటున్నాను, తమ్ముడి కోసమే.